పిలుపులు

2024 మార్చి 20, రాజమహేంద్రవరం

చుట్టాలంతా వెళ్ళిపోయారు. అబ్బాయి రాత్రి బెంగళూరు బస్సెక్కాడు. అమ్మాయి ఇంకో నాలుగు రోజులుంటానంది కానీ, పిల్లలకి పరీక్షలు దగ్గర పడ్డాయని నేనే కాకినాడ పంపేశాను.

ఇన్నాళ్ళూ వచ్చేపోయేవాళ్ళకి కాఫీలు, భోజనాలు, శాస్త్రులుగారు రాసిచ్చిన పద్దు, వంటవాళ్ళ లెక్కలు. పోయిన మనిషి గురించి కూర్చుని ఏడవడానికి తీరికే చిక్కలేదు. బతికున్నవాళ్ళని ఖాళీగా ఉంచకూడదనే పెద్దలు ఇంత తతంగం పెట్టారని మా నాన్న అనేవారు. మంచి ఏర్పాటే. పదమూడో రోజు దాకా ఏ పూట ఏం చెయ్యాలో చెప్పడానికి మనుషులున్నారు. ఆ తరవాత ఏం చెయ్యాలో ఎవరూ రాసిపెట్టలేదు.

మార్చి 24

మా ఆయన పోయిన ఆదివారం గురించి రాసి పెట్టుకోవాలి. లేకపోతే చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం మారిపోతోంది.

మాఘ బహుళ అష్టమి, మూడో తారీకు. శివరాత్రి దగ్గరికొచ్చింది. పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి లేత ములక్కాడలు తెచ్చారు. పులుసు పెట్టాను. రెండోసారి వేయించుకుని తిన్నారు. భోజనమయ్యాక వసారాలో వాలుకుర్చీలో కూర్చుని పేపరు అందుకున్నారు. "ఏమోయ్, కాసిని మంచినీళ్ళు" అన్నారు. చెంబుతో నేనొచ్చేసరికి పేపరు ఒళ్ళోనే ఉంది, కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. పిలిస్తే పలకలేదు. మేడ మీద అద్దెకుండే నర్సింగ్ చదివే అమ్మాయి నా కేక విని పరుగెత్తుకొచ్చింది. ఆయన్ని నేల మీద పడుకోబెట్టి, 108 వచ్చేదాకా గుండె మీద నొక్కుతూనే ఉంది. ఆ పిల్ల చెమట ఆయన చొక్కా మీద పడుతుండటం నాకు కనిపిస్తూనే ఉంది. ఆసుపత్రిలో చూసి, తీసుకొచ్చేసరికే ప్రాణం లేదన్నారు.

అందరూ ఒకటే మాట: "మంచాన పడకుండా పోయాడు, పుణ్యాత్ముడు." ఆయన వరకు నిజమే. అనాయాస మరణం కావాలని ఆయన కూడా దణ్ణం పెట్టుకునేవారు. కానీ ఆ వరం పోయినవాళ్ళకి. ఉన్నవాళ్ళకి ఒక్క పూట సేవ చేసే భాగ్యం లేదు, ఒక్క మాట చెప్పించుకునే వ్యవధి లేదు. పెళ్ళయి 42 ఏళ్ళు. ఆఖరి మాట మంచినీళ్ళ గురించి.

మార్చి 27

పదోరోజు సంగతి ఇవాళ రాయగలుగుతున్నాను.

తెల్లారకముందే కోటిలింగాల రేవుకి తీసుకెళ్ళారు. ఆడపడుచు పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, డజను గాజులు సర్దింది. అన్నీ పెట్టి, అన్నీ తీసేయడానికి. "వదినా, రివాజు ప్రకారం కానిచ్చేద్దాం, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మంచివి కావు" అంది. దానికీ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పోయింది దాని అన్న. మా అమ్మాయి నా ముందుకొచ్చి నిలబడి, "అత్తా, మా అమ్మ మీద చెయ్యి వెయ్యొద్దు" అంది. మాటా మాటా పెరిగేలా ఉంది.

అప్పుడు మెట్ల మీద కూర్చున్న చిన్నత్తయ్యగారు లేచారు. ఆయన పినతల్లి. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. "పందొమ్మిదో ఏట నన్నిలాగే కూచోబెట్టారు. వద్దనే నోరు ఒక్కటీ లేకపోయింది. ఇవాళ నేనంటున్నాను, వద్దు. దాన్ని లేపండి" అన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

సూత్రాలు నేనే తీసి అమ్మాయి చేతిలో పెట్టాను. మెట్టెలూ తీశాను. అవి ఆయన పెట్టినవి. మూడు మునకలు వేసి ఒడ్డుకొచ్చాక, చిన్నత్తయ్యగారు పళ్ళెంలోంచి కుంకుమ తీసుకుని నా నుదుట పెట్టారు. డెబ్భై ఏళ్ళుగా కుంకుమ ముట్టని వేళ్ళు. ఎంత పెట్టాలో అంచనా అందలేదు. ముందు చిన్న చుక్క పెట్టారు, చాల్లేదని మళ్ళీ అద్దారు, మళ్ళీ అద్దారు. రూపాయి బిళ్ళంత అయింది. ఆడపడుచు తన కొంగుతో చుట్టూ తుడిచి గుండ్రంగా చేసింది.

ఏప్రిల్ 2

ఆయన రైల్వేలో గూడ్స్ గార్డు. ఆ కొలువుకి వేళాపాళా లేదు. కాల్ బాయ్ అర్ధరాత్రప్పుడు వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. ఆయన స్నానం చేసి తయారయ్యేలోపు నేను అన్నం వార్చి, వేపుడో పచ్చడో చూసి క్యారియర్ సర్దేదాన్ని. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, పట్టాల మీద పెట్టి పేల్చే డిటోనేటర్లు, రూల్సు పుస్తకం, అన్నీ ఆయన వెంట వెళ్ళే లైన్ బాక్సులో ఉండేవి. విజయవాడ వెళ్ళినా, దువ్వాడ వెళ్ళినా, మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. వస్తారని మాత్రం ఇద్దరికీ తెలుసు.

2022లో గార్డు పేరుని ట్రైన్ మేనేజర్‌గా మార్చారు. ఆయన అప్పటికే రిటైరై చాలా కాలమైంది. ఇప్పటికీ మా వీధిలో మాది గార్డుగారిల్లే.

రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళలో ఆడవాళ్ళకి చెవులు నిద్రపోవు. మాకు గోదావరి స్టేషను దగ్గర. ఆర్చి వంతెన మీద గూడ్సు దాటుతుంటే, బరువు బండా ఖాళీ బండా అన్నది పక్క మీంచే చెప్పగలను. బండి దాటిన కాసేపటికి గేటు చప్పుడవ్వాలి. అది నా ఒంటికి అలవాటైపోయింది. రాత్రి మూడింటికి బండి దాటింది. లేచి కూర్చున్నాను. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళున్నాయో లేదోనని చూశాను. ఇంత ఏడ్చినా, ఆయన లేరని ఒంటికింకా ఎక్కలేదు.

ఏప్రిల్ 9, ఉగాది

పండగ లేదు. మేడ మీద అమ్మాయి గిన్నెతో పచ్చడి తెచ్చి, ఇవ్వొచ్చో లేదోనని మెట్ల దగ్గరే నిలబడింది. ఇమ్మన్నాను. వేపపువ్వు ఎక్కువ పడింది. మొత్తం తిన్నాను.

ఏప్రిల్ 22

బ్యాంకు పని ఒక కొలిక్కి వచ్చింది. ఇలాంటి సమయంలో మెదడు పనిచెయ్యదు కాబట్టి, ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ధ్రువపత్రం నకళ్ళు ఎక్కువ తీసుకోవాలి, ప్రతిచోటా అడుగుతారు. ఆయన రిటైరైనప్పుడే పింఛను ఖాతా ఇద్దరి పేరునా పెట్టారు. కాబట్టి కొత్త ఖాతా అవసరం లేకపోయింది. ఒక అర్జీ, ధ్రువపత్రం, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు, నా ఆధార్, పాన్ ఇచ్చాను. రిటైరయ్యాక పోయినవాళ్ళ భార్యకి పెంచిన కుటుంబ పింఛను ఏడేళ్ళు గానీ, ఆయనకి 67 నిండే తేదీ దాకా గానీ, ఏది ముందైతే అప్పటివరకే వస్తుంది. ఆ పైన ఆఖరి జీతంలో 30 శాతం, దాని మీద కరువుభత్యం. ఆయనకి 69. అంటే నాకు 30 శాతం. రైలు పాసు కూడా వస్తుంది. వితంతు పాసు. ఆయనకి ఏడాదికి వచ్చేవాటిలో సగం.

పీపీఓ పుస్తకంలో మా ఇద్దరి ఫొటో ఉంది. రిటైర్మెంటుకి ముందు స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నది. దంపతులిద్దరూ కలిసి ఉన్న ఫొటోయే కావాలంటారు. ఎందుకో ఆ రోజు నాకు తట్టలేదు. ఒకరు పోయాక రెండోవారిని గుర్తుపట్టడానికి. బ్యాంకులో ఉన్న కుర్రాడు ఫొటో చూసి, నన్ను చూసి, తల వంచుకుని ముద్ర వేశాడు.

ప్రతి ఇంట్లోనూ భార్యాభర్తలు ఒక సాయంత్రం కూర్చుని ఏ కాగితం ఎక్కడుందో ఒకరికొకరు చెప్పుకోవాలి. మా ఆయన చెప్పి పెట్టారు. రేకుపెట్టె మూత లోపలివైపు అన్నీ రాసి అంటించారు. ఆ అక్షరాలు చూస్తూ ఒక్కదాన్నే అన్నీ చక్కబెట్టుకోగలిగాను.

మే 13

ఓటు వేసొచ్చాను. జాబితాలో నా పేరు దగ్గర భర్త అన్నచోట ఆయన పేరు. ఆ పైవరసలో ఆయన పేరే, ఫొటోతో సహా. ఇంకా తీసెయ్యలేదు. ఏజెంటు కుర్రాడు గట్టిగా చదివి, "సార్ రాలేదాండీ?" అన్నాడు. పక్కనున్నాయన వాడి చెయ్యి నొక్కాడు. ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు. ఆయన పేరు పదిమందిలో గట్టిగా పలకడం విని ఎన్నాళ్ళయిందో. మా ఇంటికొచ్చేవాళ్ళు ఆ పేరు ఎత్తరు, నేనేడుస్తానని. ఏడిస్తే ఏం? ఎత్తండి.

జూన్ 11

వారం నుంచి గుండెల్లో బరువు. అమ్మాయి బలవంతం మీద డాక్టరు దగ్గరికెళ్ళాను. ఈసీజీ, ఎకో తీశారు. పెద్దగా ఏమీ లేదన్నారు. డాక్టరుగారు ఓపిగ్గా ఒక సంగతి చెప్పారు. అయినవాళ్ళు హఠాత్తుగా పోయినప్పుడు కొందరికి నిజంగానే గుండె దెబ్బతింటుందిట. రక్తనాళాల్లో అడ్డు లేకపోయినా, ఎడమ గది అడుగుభాగం ఉబ్బిపోయి సరిగ్గా కొట్టుకోదుట. జపాన్ వైద్యులు 1990లో దీన్ని వివరించి, ఆ గది ఆకారం అక్కడ ఆక్టోపస్‌లని పట్టే కుండలా ఉందని టకోత్సుబో అని పేరు పెట్టారు. ముట్లుడిగిన ఆడవాళ్ళలోనే ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు గానీ, మొదట్లో గుండెపోటులాగే చూసి వైద్యం చెయ్యాలి. కాబట్టి భర్త పోయినావిడ గుండెల్లో నొప్పి అంటే, దిగులేలే అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టకూడదు.

సాయంత్రం మేడ మీద అమ్మాయితో, "ఆ రోజు నువ్వు చేసింది మా అందరికీ నేర్పమ్మా" అన్నాను. వీధిలో ఆడవాళ్ళం పదిమందిమి మా వసారాలో చేరాం. మనిషి పలకక, ఊపిరి కూడా సరిగ్గా తీసుకోకపోతే ముందు 108కి ఫోను. వెంటనే రొమ్ము మధ్యలో చెయ్యి మీద చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. దిండు మీద అందరం చేశాం. ఆయన విషయంలో ఫలించలేదు. ఇంకో ఇంట్లో ఫలించవచ్చు.

జూలై 1

మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఇవాళ పొద్దున్నే సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఏడు వేలిచ్చారు. వితంతు పింఛను మూడు వేల నుంచి నాలుగు వేలు చేసి, ఏప్రిల్ నుంచి నెలకి వెయ్యి చొప్పున బాకీ కలిపి ఇచ్చారు. డబ్బు నాకు చూపించి, "పిల్లోడి ఫీజు కట్టేత్తానండి అమ్మగారూ" అంది.

దాని మొగుడు తాపీపని చేస్తూ మూడంతస్తుల మీంచి పడిపోయాడు. దానికప్పుడు ముప్పై ఏళ్ళు. పెద్దదినం అయిన మర్నాడే పనిలోకొచ్చింది. ఎలా రాగలిగావని అడిగాను. "ఏడుత్తా కూకుంటే పూట గడవదు కదండీ" అంది. అంట్లు తోమేటప్పుడు నీళ్ళ చప్పుడులో ఏడ్చేదాన్నని చెప్పింది. ఏడవడానికి నాకు ఇల్లుంది, పింఛనుంది, తలుపేసుకునే గది ఉంది. దానికి కుళాయి చప్పుడే దొరికింది.

ఇంకో మాటా చెప్పింది. తను పనిచేసే ఒకచోట పొద్దున్నే దాని మొహం చూడకూడదని పెరటిదారిన రమ్మంటారట. ఇల్లు తుడవడానికి, పసిపిల్లని ఎత్తుకోవడానికి పనికొచ్చే మనిషి ఎదురు రావడానికి పనికిరాదన్నమాట. ఇది పాపం. వేరే మాట లేదు.

జూలై 25

గోదావరి ఎర్రగా పోటెత్తింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. వరద చూడటానికి ఊరంతా రేవుల మీదే ఉంది.

1996 నవంబరు 6 తుఫాను గుర్తొచ్చింది. కోనసీమని ఊడ్చేసిన తుఫాను. ఆయన గూడ్సు సామర్లకోట అవతల ఎక్కడో చిక్కుకుంది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. పిల్లలిద్దర్నీ చెరోపక్కా పడుకోబెట్టుకుని, విరిగిపడే కొబ్బరిచెట్ల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలో నిలబడి, "పిల్లలు తిన్నారా?" అన్నారు. అప్పుడేడ్చాను, గట్టిగా. ఆ రాత్రి ఎంత భయపడ్డా ఎదురుచూడటానికి గుమ్మం ఉంది. ఇవాళ నీళ్ళ ఒడ్డున నిలబడి చూస్తే, ఆయన అస్థికలు కలిపింది ఈ నీళ్ళలోనే. ఈపాటికి అంతర్వేది దాటి సముద్రంలో కలిసే ఉంటాయి.

ఆగస్టు 16, శ్రావణ శుక్రవారం

పొద్దుట నుంచి వీధిలో పట్టుచీరల గరగరలు, పసుపు కాళ్ళు. ఈ వీధిలో వరలక్ష్మీ వ్రతం నాడు నేను తాంబూలం పుచ్చుకోని గడప లేదు. నేను పిలవని ఇల్లూ లేదు. ఇవాళ ఎవరూ మా గేటు తియ్యలేదు.

ఎదురింటి కొత్తకోడలు కుంకుమభరిణె పట్టుకుని మా మెట్ల దాకా వచ్చింది. "పిన్నిగారూ, సాయంత్రం మా ఇంటికి..." అంటుండగానే వెనక నుంచి వాళ్ళత్తగారు, "అమ్మాయ్, ఇటు రా, పని ఉంది" అని పిలిచింది. పిల్ల అక్కడే ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది. "వెళ్ళమ్మా, అత్తగారు పిలుస్తున్నారు" అన్నాను. రాత్రి ఆ అత్తగారే గిన్నెలో శనగలు, పూర్ణాలు పంపించింది. "మీరు బాధపడతారేమోనని పిలవలేదండీ" అని కబురు.

ఆవిడ చెడ్డది కాదు. ఆయన పోయిన రోజు రాత్రంతా నా పక్కన కూర్చుంది ఆవిడే. మంచివాళ్ళ చేత కూడా ఇలా చేయిస్తున్న ఈ ఆచారం మీదే నా కోపమంతా. ఆయన పోవడం నా చేతుల్లో లేదు, ఎవరి చేతుల్లోనూ లేదు. ఇది మనుషుల చేతుల్లో ఉంది. మొదటి దుఃఖం చాలదన్నట్టు రెండోదాన్ని మనమే చేసి పెడుతున్నాం.

సెప్టెంబరు 10

ఆయన ఫోనుకి రీచార్జి గడువు అయిపోతోందని మెసేజి. వేయించాను.

సెప్టెంబరు 27

గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళొచ్చాను. విశ్వనాథ సత్యనారాయణగారు మొదటి భార్య వరలక్ష్మమ్మగారు పోయాక ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. భార్య పోయిన కవులు తెలుగులో ఇంకా ఉన్నారు, కన్నీళ్ళు పెట్టించే పద్యాలు రాశారు. భర్త పోయిన ఆడవాళ్ళు రాసినవి వెతికితే అంతగా దొరకలేదు. వాళ్ళ దుఃఖం తక్కువది కాదు. ఏడుపుగొట్టు మొహంతో మూల కూర్చోమన్నారు గానీ, నీ ఆయన ఎలాంటివాడో చెప్పమని అడిగినవాళ్ళు లేరు.

కాబట్టి రాస్తున్నాను. మా ఆయన ఎత్తుగా ఉండేవారు. కాకరకాయ అంటే ప్రాణం. జీతం వచ్చిన రోజు నాకు ఏదో ఒక వారపత్రిక తెచ్చేవారు. కోపమొస్తే మాట్లాడేవారు కాదు, సైకిలు తుడుస్తూ కూర్చునేవారు. నిద్దట్లో కూడా స్టేషన్ల పేర్లు వరసగా చెప్పేవారు: ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు.

నవంబరు 5

లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చొచ్చాను. నవంబరులో ఆయన వెంట ఏటా వెళ్ళేదాన్ని, తోడుగా. ఈసారి నాదే. మొదటిసారి వేలిముద్ర పడలేదు. నా వేళ్ళు గిన్నెల సబ్బుకి, బూడిదకి అరిగిపోయాయి. ఫోనులో ముఖం చూపించమన్నారు. కంప్యూటరు ముందున్న అమ్మాయి అడగాల్సినవన్నీ అడుగుతూ, "మళ్ళీ ఉద్యోగం చేస్తున్నారా అమ్మా?" అంది. లేదన్నాను. "మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా?" అంది. నియమం ప్రకారం అడగాలి, అడిగింది. లేదన్నాను. బతికి ఉన్నానని ధ్రువీకరిస్తూ కాగితం వచ్చింది.

డిసెంబరు 11

ఈ తారీకుకి ఈ ఊళ్ళో విలువుంది. 1881లో ఇదే రోజున కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు గౌరమ్మ, పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. అప్పటికే 1856 నుంచి చట్టం ఉంది. చట్టమున్నా చేసుకోవడానికి, చేయించడానికి మనుషులు కావాలి కదా.

పంతులుగారి ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడల్లా నాకు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గుర్తొస్తారు. వెలేస్తారన్న భయంతో వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే, ఆవిడే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి పెళ్ళివారికి వండి పెట్టింది. ఉపన్యాసాలు ఆయనవి, నడుంనొప్పి ఆవిడది. ఆవిడ 1910లో పోయారు. పంతులుగారు 1919 దాకా ఉన్నారు. వితంతువుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఆఖరి తొమ్మిదేళ్ళూ భార్య లేకుండా గడిపారు. ఆయన దుఃఖం ఎంతటిదో గానీ, మగవాడు కనక బొట్టు ప్రసక్తి లేదు, ఎదురొచ్చే ప్రసక్తి లేదు, పేరంటం ప్రసక్తి లేదు. ఇవాళ్టికీ అంతే. మా పక్క వీధిలో భార్య పోయినాయన ఉన్నారు. మొన్న గృహప్రవేశంలో ముందువరసలో కూర్చోబెట్టారు. ఆ మర్యాద తగ్గించమనడం లేదు. అదే మాకూ కావాలంటున్నాను.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్‌వాడ్ అనే ఊరుంది. 2022 మే 4న ఆ గ్రామసభ తీర్మానం చేసింది: భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మంగళసూత్రం తెంచడం తమ ఊళ్ళో ఇక ఉండవని. అదే నెలలో మిగతా పంచాయతీలూ ఆ దారిన నడవాలని అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. ఒక పల్లెటూరు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యింది. నూట నలభై ఏళ్ళ కిందటే తోవ చూపిన ఊరు మాది. మా వీధికి ఎందుకు కాదు?

2025 జనవరి 14

ఏడాది తిరగలేదు కనక సంక్రాంతి లేదు. పిల్లలు మాత్రం వచ్చారు. "ఒక్కదానివీ ఎందుకమ్మా, మాతో వచ్చెయ్" అన్నాడు అబ్బాయి. కోడలూ మనస్ఫూర్తిగానే రమ్మంది. పండగలకీ, ఎండాకాలానికీ వస్తానన్నాను. బెంగళూరు అపార్టుమెంటులో నేను వాడి అమ్మని, అంతే. ఇక్కడ కూరలబండివాడికి తెలుసు ఆయన ఎలా బేరమాడేవారో. మంగలి షాపు ఆయనకి తెలుసు, చెవుల పక్క ఎంత ఉంచమనేవారో. ఆయన్ని ఎరిగినవాళ్ళ మధ్య ఉంటే, ఆయన నా ఒక్కదాని జ్ఞాపకంగా మిగిలిపోరు. అబ్బాయికి అర్థమైంది. వెళ్ళేముందు గేటు కిర్రుమనకుండా బందులకి నూనె వేస్తానన్నాడు. వద్దన్నాను.

ఫిబ్రవరి 20, సంవత్సరీకం

తద్దినం పెట్టడం అయ్యింది. భోక్తలు తృప్తిగా తిన్నారు. కాకరకాయ కూర నేనే చేశాను. చిన్నత్తయ్యగారు ఆటోలో వచ్చి, రోజంతా ఉండి వెళ్ళారు.

అందరూ, "ఏడాదైపోయింది, ఇక తేరుకోవాలి" అంటున్నారు. తేరుకోవడమంటే మరిచిపోవడమైతే, నాకు అక్కర్లేదు. వంట చేసుకుంటున్నాను, నిద్రపోతున్నాను, పుస్తకాలు చదువుతున్నాను, నవ్వొస్తే నవ్వుతున్నాను. ఆయన లేరన్నది మాత్రం అలాగే ఉంది. దాని పక్కనే మిగతావన్నీ సర్దుకుంటున్నాయి. 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో ఇద్దరం కలిసి మునిగాం. ఈసారి అబ్బాయి చేత ఆయనకి పిండప్రదానం చేయిస్తాను.

ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ శ్రావణానికి మా ఇంట్లో పేరంటం పెడతాను. చిన్నత్తయ్యగారు, మా పనావిడ, ఎదురింటి అత్తాకోడళ్ళు, మేడ మీద అమ్మాయి, మా ఆడపడుచు, అందరినీ బొట్టు పెట్టి పిలుస్తాను. రానివాళ్ళ మీద కోపం పెట్టుకోను. మళ్ళీ ఏడూ పిలుస్తాను.

ఇది చదివేవాళ్ళని ఒక్కటి అడుగుతాను. మీ వీధిలోనూ, మీ బంధువుల్లోనూ భర్త పోయినావిడ ఒకరైనా ఉంటారు. బాధపడుతుందేమోనని ఆవిడ్ని తప్పించకండి. పిలవకపోతేనే బాధపడుతుంది. గడప దాటి లోపలికి వెళ్ళండి. పోయినాయన పేరెత్తి, ఆయన సంగతులు చెప్పించుకోండి. వచ్చే పండక్కి మీ ఇంటి ఆడపిల్ల చేత బొట్టు పెట్టించి, అందరితో పాటు ఆవిడ్నీ పిలవండి.